బెండు పైపు మారిస్తే బలం వస్తుందా?

మన యానాం అడవిపొలం రోడ్డు మీద బెండు పైపు మార్చిన బుల్లెట్ ఒకటి దడదడలాడుతూ పోతే, బండికి బలం పెరిగిందనుకుంటాం. పెరిగింది చప్పుడొక్కటే కావచ్చు.

ఇంజన్ నుంచి పొగ ఏకధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ముందు పోయిన దెబ్బ వెనకాల కాస్త వెలితి మిగులుస్తుంది. సిలిండర్‌లో మిగిలిన పొగను ఆ వెలితే లాగేస్తుంది. ఇంజన్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే బెండు పైపు పొడవు, లావు కుదిరితేనే ఈ లాగుడు. పైపు మరీ లావైతే పొగ వేగం తగ్గి, ఊళ్లో తిరిగేటప్పుడు పికప్ పడిపోతుంది. మరీ సన్ననిదైతే ఎక్కువ స్పీడులో ఇంజన్‌కు ఊపిరాడదు. పైపుతో పాటు పెట్రోలు కొలతా సరిచేయించాలి. లేకపోతే పెట్టిన డబ్బుకు చప్పుడే మిగులు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్లకు ఆక్సిజన్ సెన్సార్, కెటలిటిక్ కన్వర్టర్ ఈ పొగదారిలోనే ఉంటాయి. వాటిని పీకించకండి. పీవై 04 నంబరుతో ఇక్కడే తిరిగినా, వంతెన దాటి ఎదుర్లంక వెళ్లినా చట్టం ఒకటే: చప్పుడు హద్దు మీరితే మొదటిసారికి 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ.

అన్నట్టు, మనది ఉప్పుగాలి. పైపు కొంటే స్టెయిన్‌లెస్ స్టీలుదే కొనండి.