చంటిపిల్లల తల్లిని వదిలేసి పోవద్దు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడర్ మాట్లాడిన మాటలు)

 

పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి కిస్తీల గురించి నాకంటే ముందు మాట్లాడిన అక్కలు బాగా చెప్పారు. నేను వేరే ముచ్చట చెప్తాను. చిన్నపిల్లలున్న ఇంటివాళ్లు ఒక పూట బయటికి పోయి రావడం గురించి. ఇది కూడా మహాసభలో మాట్లాడే మాటేనా అని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వినా సరే, కాసేపు వినండి.

మన సంఘాల నుంచి యాదగిరిగుట్టకు పోతాం, మేడారం జాతరకు పోతాం. అప్పుడు బండి ఎక్కనిది ఎవరు? ఏడాది పాప, మూడేండ్ల బాబు ఉన్న తల్లి. "పిల్లలతోని నీకెందుకమ్మా కష్టం, వచ్చే ఏడు వద్దువుగానీ" అంటాం. మంచి మనసుతోనే అంటాం. కానీ వచ్చే ఏడు కూడా ఆమె చంకలో పిల్ల ఉంటుంది.

మా సంఘంలో ఒక చెల్లె ఉంది. రామప్ప గుడి మా ఊరి నుంచి ఆటోలో అరగంట. ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ గుడిని చూసిపోతున్నారు. ఆ చెల్లె మా ఊరికి కోడలుగా వచ్చి ఐదేండ్లయింది, గుడి మాత్రం చూడలేదు. ఇల్లు, పొలం, లేకపోతే దవాఖాన. పిల్లలు ఊరు దాటింది సూదులు వేయించుకోవడానికే. చివరికి మీటింగుకు రావడం కూడా తగ్గించి, పొదుపు పైసలు అత్త చేతికిచ్చి పంపడం మొదలుపెట్టింది. రిజిస్టరులో పేరుంది, సంఘంలో మనిషి లేదు. నాకు భయం వేసింది అక్కడే.

అందుకే మొన్న చలికాలంలో మా సంఘం ఒక తీర్మానం చేసుకుంది. ఆరేండ్ల లోపు పిల్లలున్న ఇండ్ల కోసమే ఒక పూట బయటికి పోవాలి. పెద్దవాళ్లం మన ఇష్టం కోసం కాదు, పిల్లల కాళ్లకు తగ్గట్టు పోవాలి. పిల్లలు పెద్దయినవాళ్లం చేతులు సాయం పట్టాలి. రామప్పకే పోయినం.

ఆ గుడిని 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు. ఇవన్నీ మనకు గొప్ప. మూడేండ్ల పిల్లలకు గొప్ప ఏందో తెలుసా? గోడ అడుగున వరుసగా చెక్కిన ఏనుగులు. మనం తల ఎత్తి మదనికల బొమ్మలు చూస్తుంటే, వాళ్లు కింద ఏనుగుల వెంబడి నడుచుకుంటూ పోయారు. నంది ముందర కూర్చొని దానితోని మాట్లాడారు. గోపురం ఇటుకలు నీళ్లలో తేలేటంత తేలికగా ఉంటాయని చెప్తే, బడికి పోయే పిల్లలు నమ్మలేదు. తిరిగొచ్చినాక ఆ ఇటుకల మీద వాళ్లు అడిగిన ప్రశ్నలకు మా అంగన్‌వాడీ టీచరే జవాబు చెప్పాల్సి వచ్చింది.

ఇక ఎట్లా పోవాలనేది చెప్తాను. ఇందులోనే అసలు సంగతి ఉంది.

ఒకటి, దగ్గరి చోటు చూసుకోవాలి. చిన్నపిల్లలతోని ప్రయాణం గంట దాటొద్దు. హనుమకొండ, వరంగల్ వైపు ఊర్లవాళ్లకు వేయిస్తంభాల గుడి ఉంది, భద్రకాళి చెరువు కట్ట ఉంది, హంటర్ రోడ్డులో కాకతీయ జూపార్కు ఉంది. జూపార్కుకు వారంలో సెలవు ఏ రోజో ముందే కనుక్కొని పోవాలి. గోవిందరావుపేట వైపు వాళ్లకు లక్నవరం ఉంది. అక్కడి వేలాడే వంతెన మనుషులు నడుస్తుంటే ఊగుతుంది. చిన్నపిల్లల్ని ఎత్తుకొనే దాటాలి. ఇవేవీ కుదరకపోతే మన ఊరి చెరువు కట్ట, ఒక మామిడితోట చాలు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు మన పెద్దలు పెట్టిన ఆచారమే కదా.

రెండు, పొద్దున్నే బయలుదేరి పగటి బువ్వ తిని తిరిగి రావాలి. పిల్లలకు పగటి నిద్ర వేళ తప్పితే తల్లికి ఆ పూటంతా ఏడుపే మిగులుతుంది. ఎండాకాలం వద్దు. గుడిలో చెప్పులు విడవాలి, మధ్యాహ్నం బండలు కాలుతాయి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మంచి కాలం.

మూడు, బండి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు జీరో టికెట్ ఉంది. ఆధార్ కార్డు మరవొద్దు. కానీ సంత రోజు, పండుగ రోజు పోవద్దు. నిలబడే జాగ ఉండదు, చంటిపిల్లలు నలిగిపోతారు. బస్సు లేని ఊరైతే ఆటో మాట్లాడుకోండి, ఎక్కాల్సినంత మందే ఎక్కండి. ట్రాక్టరు ట్రాలీలో, సామాను ఆటోలో మాత్రం పిల్లల్ని ఎక్కించొద్దు. నాలుగు పైసలు మిగిలించుకోబోయి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

నాలుగు, తిండి, నీళ్లు. పులిహోర నిలువ ఉంటుంది. చిన్నవాళ్లకు బాలామృతం ముద్దలు చేసుకొని పోవచ్చు. పల్లీలు, బఠాణీలు ఐదేండ్ల లోపు పిల్లల చేతికి గింజలుగా ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. ఇంటి నుంచే కాచి చల్లార్చిన నీళ్లు పట్టుకపోవాలి. రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు సంచిలో ఉండాలి. ఒక లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో మొత్తం కలపాలి, సగం సగం కలపొద్దు.

ఐదు, ఇది అన్నిటికంటే ముఖ్యం. చెరువు దగ్గర "అందరం చూస్తున్నాం" అంటే ఎవ్వరూ చూస్తలేరని అర్థం. చిన్నపిల్ల మోకాలు లోతు నీళ్లలో కూడా మునుగుతుంది, అరుపు కూడా వినపడదు. అందుకని పేరు పెట్టి అప్పజెప్పాలి. ఈ పిల్ల ఈ అక్కది, ఆ బాబు ఆ అక్కవాడు అని. చేయి చాస్తే అందేంత దూరంలోనే ఉండాలి. ఆ అక్క ఫోన్ పక్కకు పెట్టాలి. మేము పిల్లల చొక్కాలకు లోపల తల్లి ఫోన్ నంబరు రాసిన గుడ్డముక్క కుట్టినం.

ఇట్లా పిల్లల్ని పంచుకుంటేనే తల్లికి కాసేపు చేతులు ఖాళీ అవుతాయి. మా చెల్లె ఆ రోజు మంటపంలో కూర్చొని ఒక్కతే వేడి టీ తాగింది. "ఐదేండ్ల తర్వాత చల్లారకముందు తాగిన అక్కా" అన్నది. తండ్రులు కూడా రావాలి. మాతో ఇద్దరు వచ్చారు. తోటి మగవాళ్లు ఎగతాళి చేసినా, పిల్లల్ని భుజాన ఎక్కించుకొని తిరిగారు. అత్తమ్మలను కూడా పిలవండి. "మనుమని కోసం రా అత్తమ్మా" అంటే కాదనేటోళ్లు తక్కువ.

ఖర్చు మాటకొస్తే, పొదుపు పైసలు ముట్టొద్దు, అది అప్పులకే. వేరే డబ్బా పెట్టుకోండి. 12 మంది సభ్యులు నెలకు 20 రూపాయల చొప్పున వేస్తే ఏడాదికి 2,880 రూపాయలు అవుతాయి. ఆటోకు, టిఫిన్లకు సరిపోతుంది. పిల్లలు పెద్దయిన సభ్యులు "మాకేం లాభం" అనొచ్చు. మనం చంటిపిల్లల తల్లులుగా ఉన్నప్పుడు ఏ చేయి సాయం అందలేదో, ఆ చేయి ఇప్పుడు మనమే కావాలి.

ఆ పూట తర్వాత మా చెల్లె పిల్లను ఎత్తుకొని మీటింగుకు వస్తున్నది. పిల్ల ఏడిస్తే మాలో ఎవరో ఒకరు ఎత్తుకుంటున్నం. మొన్న మేకల అప్పు గురించి ఆమే లేచి అడిగింది, ఆమె సంతకం ఆమే పెట్టింది.

కాబట్టి నా మనవి ఇది. ప్రతి గ్రామ సంఘం వచ్చే నెల మీటింగులో ఆరేండ్ల లోపు పిల్లలున్న తల్లుల పేర్లు రాయండి. వాళ్లలో మీటింగుకు రానివాళ్లు ఎవరో చూడండి. వాళ్ల ఇంటికి పోయి, ఏ రోజు వీలైతదో వాళ్లనే అడిగి, ఆ తారీఖును మినిట్స్ పుస్తకంలో రాయండి. మా ఊరివాళ్లం ఎవరికైనా తోడు వచ్చి చూపిస్తాం.