అక్షరాలు కరిగాయి, మూసలు మిగిలాయి
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)



ఈ రోజు స్కాలర్‌షిప్పు అందుకున్న పిల్లలందరికీ అభినందనలు. అయితే నేను ముఖ్యంగా మాట్లాడదలచింది జాబితాలో పేరు రానివారితో, పరీక్ష తప్పి వెనుక వరుసల్లో కూర్చున్నవారితో.

విలియం కేరీ పేరు మీలో చాలామంది విని ఉంటారు. ఇంగ్లండులో చెప్పులు కుట్టి బతికిన ఆయన 1793లో మన దేశానికి వచ్చారు. మరుసటి ఏడాదే ఐదేళ్ళ కొడుకు జబ్బుచేసి చనిపోయాడు. భార్యకు మతి చలించింది. ఏడేళ్ళు బోధించినా ఒక్క భారతీయుడూ బాప్తిస్మం పొందలేదు. చివరకు 1800 డిసెంబరులో కృష్ణపాల్ అనే వడ్రంగి ముందుకు వచ్చాడు.

బెంగాలులోని శ్రీరాంపూరులో కేరీ, ఆయన తోటివారు ముద్రణాలయం పెట్టారు. 1812 మార్చి 11న అది తగలబడింది. కాగితం, అనేక దేశభాషల అచ్చక్షరాలు, ఏళ్ళ తరబడి రాసిన నిఘంటువు, అనువాదాల రాతప్రతులు కాలిపోయాయి. బూడిద తోడి చూస్తే అక్షరాలు పోతపోసే మూసలు చెడకుండా దొరికాయి. కరిగిన సీసాన్ని పోగుచేసి అదే మూసల్లో మళ్ళీ పోతపోశారు. కొద్ది వారాల్లోనే అచ్చుపని మొదలైంది. కేరీ రాసిన తెలుగు వ్యాకరణం 1814లో, తెలుగు కొత్త నిబంధన 1818లో అక్కడే అచ్చయ్యాయి.

కేరీ ప్రార్థన చేసే మనిషే. అయినా నిప్పు ఆగలేదు. భక్తి ఉంటే నష్టం రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. నష్టం వచ్చిన మర్నాడు బూడిదలో చెయ్యి పెట్టి వెదికే ధైర్యాన్ని విశ్వాసం ఇస్తుంది.

పిల్లలారా, మార్కులు అచ్చక్షరాల వంటివి. ఈసారి కరిగిపోయి ఉండవచ్చు. మీ చదివే అలవాటు, అర్థం చేసుకునే బుద్ధి, మీకోసం మోకరించే అమ్మానాన్నలు, ఇవి మూసలు. ఇవి కాలలేదు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో గుమాస్తాగా పనిచేశాను. సాయంత్రం క్యాష్ టాలీ కాకపోతే ఎవరూ పుస్తకం చించెయ్యరు. వోచర్లు ముందు వేసుకుని ఒక్కొక్కటీ సరిచూస్తారు. మీరూ అలాగే ఏ పాఠంలో మార్కులు పోయాయో చూసుకోండి. ప్రార్థించి సప్లిమెంటరీకి ఫీజు కట్టండి. ప్రార్థన ఒక్కటే చేసి పుస్తకం మూసేస్తే చాలదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఫలితాలు వచ్చిన రాత్రి తలుపు వేసుకుని ప్రాణం తీసుకుంటున్న పిల్లల సంగతి మనకు తెలియనిది కాదు. ఆ రాత్రి మన నోటి నుంచి వచ్చే మొదటి మాట చాలా విలువైనది.

పేతురు సంగతి గుర్తు చేసుకోండి. ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకి, బయటికి వెళ్ళి ఏడ్చినవాడు. తరువాత సముద్రపు ఒడ్డున ప్రభువు కనబడినప్పుడు ముందుగా ఏం చేశారు? నిప్పుల మీద చేపలు, రొట్టె సిద్ధం చేసి శిష్యులకు పెట్టారు. వారు తిన్న తరువాతే పేతురుతో మాట్లాడారు. ఎందుకు బొంకావని నిలదీయలేదు. తనను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, తన మందను అతని చేతికే అప్పగించారు.

మీ బిడ్డ ఫెయిలయ్యాడని తెలిసిన రోజు పక్కింటి పిల్లవాడి మార్కులు ఎత్తకండి. ముందు అన్నం పెట్టండి. పక్కన కూర్చోండి. కలిసి ప్రార్థన చేయండి. లెక్కలు మర్నాడు చూసుకోవచ్చు.

ఈసారి పేరు రాని పిల్లలు వచ్చే ఏడాది మళ్ళీ దరఖాస్తు పెట్టండి. పడినవారిని లేపే దేవుడు మీ అందరినీ దీవించును గాక. సెలవు.