రాగిప్రతిమలును, రేవులెక్కలును
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



తిరుమల ఆలయమున మహాద్వారము దాటగనే ప్రతిమా మండపము కలదు. అందు కృష్ణదేవరాయలు, ఆయన దేవేరులైన తిరుమలదేవి, చిన్నాదేవి రాగివిగ్రహములై చేతులు మోడ్చి నిలిచియున్నారు. వేంకటపతిరాయల రాగిప్రతిమయు, అచ్యుతరాయల, వరదాజమ్మల శిలాప్రతిమలును అచ్చటనే కలవు. వీరికంటె ఎంతో పూర్వము, పదవ శతాబ్దమున, పల్లవరాణి సామవై భోగశ్రీనివాసుని వెండిమూర్తిని సమర్పించెను. ఆమె పేరును, ఆమె యిచ్చిన నగలును, భూమియు నేటికిని ఆలయకుడ్యమున శాసనాక్షరములై యున్నవి. స్త్రీలకు చరిత్ర లేదనువారికి ఈ కొండయే సమాధానము.

కాని కవిలెలో జమ మాత్రము వ్రాసి ఖర్చు విడిచినచో అది లెక్క యనిపించుకొనదు. 1514లో ఉదయగిరిని గెలిచి వచ్చిన రాయలు స్వామికి 30,000 వరహాలతో కనకాభిషేకము చేసిన సంగతి శిల చెప్పును. ఆ ముట్టడిలో పతిని, పుత్రుని గోల్పోయిన యిల్లాండ్ర పేర్లు శిల చెప్పదు. ఆ ఖర్చును వేఱొకచోట వెదకవలెను.

వేంకటపతిరాయలు చంద్రగిరినుండియు, పిదప వేలూరినుండియు రాజ్యమేలెను. ఆయన కాలముననే, 1610లో, డచ్చివారు పులికాటున వర్తకమునకు అనుమతి బడసిరి. మనవారు ప్రళయకావేరి యనెడు రేవదియే. 1613 నాటికి అచ్చట గెల్డ్రియా కోట లేచెను. 1614లో రాయలు గతించెను. వారసత్వపు పోరులో జగ్గరాయలు నూతన ప్రభువైన శ్రీరంగరాయలను భార్యాబిడ్డలతో చెఱనుంచి చంపించెను. రాముడను బాలుని మాత్రము ఒక చాకలి బట్టలమూటలో దాచి తప్పించెనని, ఆ కాలమువాడే యగు బర్రాదాసు అను క్రైస్తవ గురువు తన జాబులో వ్రాసెను. రాణికే రక్షణ లేనినాడు రైతుపడుచుకు దిక్కెవరు?

యుద్ధము చేలను త్రొక్కెను, వానలు తప్పెను, క్షామము వచ్చెను. ఆకొన్న తల్లిదండ్రులు బిడ్డల నమ్ముకొనిరి. దళారులు వారిని రేవునకు చేర్చిరి. 1620 దాటిన తొలియేండ్లలో పులికాటునుండి బానిసలు ఓడల కెక్కింపబడి బటావియాకు పోయిరి. 1646లో, మరల యుద్ధములు చెలరేగిన దినములలో, చోళమండలతీరమునుండి 2,118 మంది యెగుమతియైరి. 1652 తర్వాత ఆఫ్రికా దక్షిణాగ్రమందలి కేపునకును ఈ తీరపు స్త్రీలు కొనిపోబడిరి. అచ్చటి పత్రములలో వారికి మరియ, కాతరీన వంటి కొత్తపేర్లు పెట్టి, ఇంటిపేరునకు బదులు ‘తీరమునుండి వచ్చినది’ అని వ్రాసిరి. తల్లి పిలిచిన పేరు ఆ లెక్కకు అక్కఱలేకపోయెను. ఆ కంపెనీ పత్రములు హేగు నగర భాండాగారమున భద్రముగా నున్నవి. 2003లో యునెస్కో వానిని ప్రపంచస్మృతి పట్టికలో చేర్చెను. కొండమీది ప్రతిమలును, ఆ పత్రములును ఒకే రాజ్యపు కవిలెలో రెండు పుటలు. రెండింటిని కలిపి చదివినగాని చరిత్ర తేలదు.

బానిసత్వమును న్యాయస్థానములు గుర్తింపరాదని 1843లో చట్టము వచ్చెను. చట్టము సంకెల విప్పగలదు గాని, పోయిన పేరును తెచ్చియీయలేదు. గ్రామకవిలెలును ఈ దోషమునకు దూరము కావు. వానిలో పట్టాదారు పేరుండును. ఆతనితో సమముగా చేలో వంగి నాటిన భార్య పేరు కానరాదు.

కావున గ్రంథాలయమునకు చేరవలసినవి అచ్చుపుస్తకములు మాత్రమే కావు. ఇంటింటి తాటాకులు, దస్తావేజులు, పాత ఛాయాచిత్రములును చేరవలెను. ప్రతి చిత్రము వెనుకను అందలి స్త్రీల పేర్లు, ఊర్లు అడిగి వ్రాయవలెను. ఆ పని నేడే జరుగవలెను; చెప్పగల ముదుసలి రేపు ఉండకపోవచ్చును. ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు ఇంతకంటె తగిన కార్యము లేదు.

స్వస్తి.