కంచు కాణీలు



రిటైరయ్యాక ఏం చేస్తున్నారని చాలామంది అడుగుతుంటారు. కాణీలు ఏరుతున్నానంటే నవ్వుతారు. "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అన్న సామెత నా కోసమే పుట్టిందని మా ఇంటావిడ అభిప్రాయం.

కాణీ అంటే పావు అణా. రూపాయికి 64 కాణీలు, 192 దమ్మిడీలు. 1906 దాకా బ్రిటిష్ ఇండియా కాణీ రాగిది. ఆ ఏడాది కంచుకు మార్చారు. అందులో నూటికి 95 పాళ్లు రాగి, 4 పాళ్లు తగరం, ఒక పాలు తుత్తునాగం. రాగి కాణీ సుమారు ఆరున్నర గ్రాములుండేది, కంచుది అయిదు గ్రాములకు కాస్త తక్కువ. 1906లో రెండు రకాలూ వేశారు కనుక కంసాలి త్రాసులో తూచితే గాని తేడా తేలదు.

అయిదవ జార్జి బొమ్మతో 1911లో వచ్చిన నాణేలది ఇంకో ముచ్చట. రాజుగారి అంగీ మీద ఏనుగు చెక్కితే తొండం పొట్టిదై పంది లాగా కనబడిందట! జనం అభ్యంతరం చెప్పగా 1912లో సరిదిద్దారు. అందరూ రూపాయి గురించే చెబుతారు గాని, కాణీ మీదా అదే బొమ్మ. భూతద్దంలో చూడాలి.

మన సికింద్రాబాదు కంటోన్మెంటులో ఈ కల్దారు డబ్బు చెల్లేది. హుస్సేన్ సాగర్ అవతల నిజాంగారి హాలీ సిక్కా. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయల లెక్క. మా నాన్నగారి తరం రెండు లెక్కలూ నోటితోనే కట్టేసేది. మా బన్సీలాల్‌పేట్‌కు సేఠ్ బన్సీలాల్ పేరు వచ్చిన 1933వ సంవత్సరపు కాణీ నా పెట్టెలో ఉంది. కొన్నది చౌకగానే, ఎవరడిగినా ఇవ్వను.

యుద్ధకాలంలో రాగికి కటకట వచ్చి 1943లో చిల్లు కాణీ వేశారు. బరువు రెండు గ్రాములే. పిల్లల మొలతాళ్లకు చేరినవి ఇవే.

ఇక అసలు సంగతి. పాత నాణెం ఫోటో పంపితే లక్షలిస్తామని, ముందుగా కొంత ఫీజు కట్టమని ఫోన్లు వస్తున్నాయి. మా వీధిలో ఒక పెన్షనరు దాదాపు కట్టేవారే, కోడలు ఆపింది. అలాంటి లావాదేవీలకు తాము ఫీజులు అడగమని, తమ పేరిట వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. జార్జి కాణీలు కోట్ల సంఖ్యలో ముద్రించినవి. మామూలు కాణీకి లక్షలెవరిస్తారు?

మరో మాట. పండగకని చింతపండుతో తోమకండి. ఆ గోధుమరంగు పొర పోతే కొనేవాడూ చూడడు. పచ్చని పొడి రాలుతున్న నాణేన్ని మిగతావాటితో కలపకుండా వేరే పొట్లం కట్టండి. కాగితం పొట్లమే మేలు, చెమ్మపట్టే ప్లాస్టిక్ కవరు వద్దు.

నా పెట్టె బల్ల మీద పెట్టాను. భోజనాలయ్యాక పిల్లల్ని తీసుకొచ్చి చూడండి. అంచులు పట్టుకుంటే చాలు. మీ ఇళ్లలో డబ్బాల అడుగున ఉన్నవి తెచ్చినా చూసి చెబుతాను, ఫీజు లేదు. సెలవు.