మూత కింది బొట్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఎనిమిదో తరగతిలో సైన్సు మాస్టారు మరుగుతున్న నీళ్లగిన్నె మూత ఎత్తి, అడుగున బొట్లు చూపించి, "ఇదేరా సాంద్రీకరణం" అన్నారు. నాకు ముప్ఫయ్యేళ్లుగా జీతం వస్తున్నది ఆ బొట్ల మీదే.

ఏసీలో బయటికి వేడిగాలి కొట్టే భాగం కండెన్సర్. అందులో గ్యాసు ద్రవమవుతూ గుప్తోష్ణాన్ని వదిలేస్తుంది. దానికి ఎంత గొట్టం కావాలో ముందే చెప్పడం మా పని. చల్లని గోడ మీద ఏర్పడే పలుచని ద్రవపు పొరే వేడికి అడ్డమని 1916లో నస్సెల్ట్ అనే జర్మన్ ఇంజనీరు లెక్కగట్టి చూపాడు. గొట్టంలో అయితే గ్యాసు ఆ పొరను ఈడ్చుకుంటూ పారుతుంది. అందుకు ప్రయోగ ఫలితాల నుంచి తీసిన సూత్రాలు కావాలి. 1979 నాటి షా సూత్రం నాకు కంఠతా వచ్చు.

పాత గ్యాసులు ఓజోన్ పొరను తినేస్తున్నాయని 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. తర్వాత వాడిన ఆర్-134ఎ ఓజోన్ జోలికి పోదు గాని, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కి సుమారు 1,400 రెట్లు. అలాంటివి తగ్గించాలని 2016లో కిగాలీలో ఒప్పుకున్నారు. ప్రొపేన్‌తో ఆ బాధ లేదు, కానీ అంటుకుంటుంది. లెక్క మీద నమ్మకం లేక నాలుగు గొట్టాలు ఎక్కువ వేద్దామంటే గ్యాసూ ఎక్కువ పట్టాలి, ప్రమాదమూ పెరుగుతుంది. అందుకే అంచనా దగ్గరగా ఉండాలి.

ఇక నా తప్పు చెబుతాను. ఆర్-454సి అని రెండు గ్యాసుల మిశ్రమం. దానికీ ఒకే గ్యాసుకి పనికొచ్చే సూత్రమే వాడాను. మా జట్టులో కొత్తగా చేరిన అమ్మాయి, "సార్, ఇవి రెండూ ఒక్కసారి ద్రవం కావు కదా" అంది. వినలేదు. పరీక్షలో కండెన్సర్ నేను చెప్పినంత వేడి వదల్లేదు, పీడనం పెరిగిపోయింది. మిశ్రమంలో సులువుగా ద్రవమయ్యేది ముందు ఎక్కువగా దిగుతుంది. రెండోది ఆవిరిగానే పొర పక్కన పోగుపడి, వెనకొచ్చే ఆవిరికి అడ్డం నిలుస్తుంది. దానికి సవరణ 1973లోనే బెల్, ఘాలీ అనేవాళ్లు రాసిపెట్టారు. నేను చదివిందే, పరీక్షకి రాసిందే!

గొట్టాలు మళ్లీ తెప్పించాం. మిశ్రమాల లెక్కలు ఇప్పుడు ఆ అమ్మాయే చూస్తుంది. నేను రెండు ప్రశ్నలు అడిగి సంతకం పెడతాను.