ఇనుప యెద్దు



ముప్పదియైదు సంవత్సరములు బడిలో తెలుగు పండితుడుగా పనిచేసిన నేను, నేడు మీతో వ్యాకరణమును గూర్చిగాని కావ్యమును గూర్చిగాని ప్రసంగింపబోవుట లేదు. ఇనుపముక్కలను వెల్డింగుచే అతికి జంతువుల బొమ్మలు చేయు విద్యను అరువది మూడవయేట నేనెట్లు ఆరంభించితినో మనవి చేయదలచితిని. “పండితునకు ఇనుముతో నేమి పని?” అని మా యూరి పెద్దలు కొందరడిగిరి. వారికి నాడు చెప్పలేకపోయిన సమాధానమే యీ ప్రసంగము.

మా గ్రామము తెనాలికి సమీపమున నున్నది. తెనాలి శిల్పులు మోటారు బండ్ల పాత సామానులతో నిలువెత్తు విగ్రహములు కూర్చుట మీలో పలువురు చూచియే యుందురు. 2019లో ఢిల్లీ నగరమునందు పాత ఇనుముతో ప్రపంచపు ఏడు వింతల నమూనాలు చేసి యొక ఉద్యానమున నిలిపిరి. నాకంతటి కోరిక లేదు. నా కోరిక యెల్ల ఒక్క యెద్దు.

మా తండ్రిగారి కాలమున మా కొట్టములో ఒంగోలు జాతి యెడ్ల జత యుండెడిది. ట్రాక్టరు వచ్చిన పిదప వానిని అమ్మివేసితిమి. తోలుకొనిపోయిన నాడు నేను బడిలో నుంటిని. సాయంకాలము వచ్చి చూతును గదా, రెండు గుంజలు మాత్రము మిగిలియున్నవి. ఉద్యోగ విరమణానంతరము ఆ కొట్టమును బాగుచేయించుచుండగా ఒక గోనెసంచిలో అరిగిన నాడాలు, నాగలి కర్రు, విరిగిన కొడవళ్లు, గొలుసు దొరికినవి. పాత ఇనుము కొనువానికి తూచి యిచ్చుటకు నాకు చేయి రాలేదు.

ఆ సంచిని సైకిలుపై వేసికొని రోడ్డుమీది వెల్డింగు కొట్టునకు పోతిని. ఆ కొట్టు యజమాని నా శిష్యుడే. ఒకనాడు సంధిసూత్రములు అప్పగింపలేకపోయినందున తరగతి యెదుట నిలువబెట్టి, “నీకీ జన్మలో చదువు రాదు” అని నేనన్న బాలుడే. మరుసటి సంవత్సరము అతడు బడి మానెను. ఇప్పుడు నన్ను చూచి లేచి నిలిచి, “రండి మాష్టారూ, కూర్చోండి. గేటు పనా అండి?” అనెను.

“గేటు కాదు నాయనా. నేర్చుకొనుటకు వచ్చితిని.”

అతడు నవ్వెను. నేను నవ్వకుండుట చూచి, “అయితే సాయంత్రం ఆరు దాటాక రండి. నూలు చొక్కా వేసుకోండి మాష్టారూ, టెరికాట్ వద్దు. నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుపోద్ది,” అని మొదటి పాఠము చెప్పెను.

విద్య యిట్టిది. యంత్రమునుండి రెండు తీగలు వచ్చును. ఒకదానిని మనము అతుకబోవు ఇనుమునకు తగిలింతురు. రెండవదాని కొనయందు పూత పూసిన కడ్డీని బిగింతురు. కడ్డీకొనను ఇనుమునకు గీచి వెంటనే రవంత యెత్తినచో, ఆ సందున విద్యుత్తు జ్వాలయై నిలుచును. ఆ జ్వాల వేడి కొన్నివేల డిగ్రీలు. ఇనుము కరగుటకు సుమారు 1,500 డిగ్రీల సెంటీగ్రేడు చాలును. కావున రెండు ముక్కల అంచులును కడ్డీకొనయు కరగి ఒక చిన్న మడుగై, చల్లారి, ఒకే లోహమగును. కడ్డీమీది పూత కాలి, పొగయు చిట్టెమునై ఆ మడుగునకు గాలి సోకకుండ కాపాడును. గాలి సోకిన అతుకు గుల్లబారి పెళుసగును. చల్లారిన పిమ్మట ఆ చిట్టెమును చిన్న సుత్తితో రాల్పవలయును.

మా బాల్యమున కమ్మరి రెండు ముక్కలను తెల్లగా కాల్చి, గుప్పెడు ఇసుక చల్లి, దాకలిపై నుంచి సమ్మెటతో కొట్టి అతుకుట చూచియుంటిని. ఇసుక యేల అని యేనాడును అడుగనైతిని. కాలిన ఇనుముపై గట్టిన పొరను ఆ యిసుక కరగించి చిట్టెముగా మార్చి, సమ్మెట దెబ్బకు వెలికి పోవునట్లు చేయునని యిప్పుడు తెలిసినది. కమ్మరి గుప్పెడు ఇసుకకును నేటి కడ్డీమీది పూతకును మూల ధర్మమొకటే. మన గ్రామములందు శాస్త్రము లేకపోలేదు. మనమే ప్రశ్నింపలేదు.

మొదటి పదునైదు దినములు కడ్డీ ఇనుమునకు అంటుకొనిపోవుటయో, జ్వాల ఆరిపోవుటయో తప్ప వేరు ఫలము లేదు. పిదప నొకనాడు చీమల బారువలె చక్కని అతుకు పడినది. గర్వముతో శిష్యునకు చూపితిని. అతడు దానిని సుత్తితో నొక దెబ్బ కొట్టెను. రెండు ముక్కలు రెండు వైపుల పడినవి.

“పైకి బాగుందండి మాష్టారూ. లోపల పట్టలేదు. అంపియర్లు తక్కువయ్యాయి. కొంచెం పెంచి, చెయ్యి నెమ్మదిగా జరపండి.”

రెండున్నర మిల్లీమీటర్ల కడ్డీకి సుమారు 60 మొదలు 90 అంపియర్ల విద్యుత్తు కావలయును. నేను భయముచే 50 వద్ద నుంచితిని. అది చిన్న పొరపాటే. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సూత్రమును గడగడ అప్పగించిన పిల్లలనెందరినో మెచ్చుకొంటిని. అది లోపల పట్టినదా లేదా యని తట్టి చూడనైతిని. అప్పగింపలేని వానిని రాదంటిని. ఇతడో, నాకు రాదని ఒక్కనాడును అనలేదు. లోపమును చూపి, దాని ప్రక్కనే ఉపాయమును చెప్పెను. మా యిరువురిలో ఉపాధ్యాయుడెవ్వడు?

ఈ పనిలో అపాయములు కలవు. ఒక సాయంకాలము ముఖకవచము లేకుండ ఆ వెలుగును రెండు మూడు మారులు చూచితిని. అప్పుడేమియు తోచలేదు. అర్ధరాత్రమున కన్నులలో ఇసుక పోసినట్లయి నీరు ధారగా కారినది. ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణములే దానికి కారణమని వైద్యుడు చెప్పెను. రెండు దినములకు నెమ్మదించినది. పది లేక పదునొకండవ సంఖ్యగల నల్ల అద్దము లేనిదే జ్వాలను చూడరాదు. జింకు పూతగల రేకును అతికినచో ఆ పొగవలన చలిజ్వరము వచ్చును. పెట్రోలు పోసిన తొట్టి ఖాళీగా కనబడినను దానిని ముట్టరాదు. లోపలి ఆవిరి ప్రేలును. తడి నేలపై, తడి చేతులతో పని చేయరాదు.

ఇక యెద్దు సంగతి. ఊచలతో అస్థిపంజరము కట్టి, ఒక ప్రక్క పూర్తిగా అతికితిని. చల్లారు ఇనుము ముడుచుకొని కాలిని తనవైపు లాగినది. నా యెద్దు మూడు కాళ్లమీద నిలిచినది. ముందు అన్నివైపుల చుక్కలుగా అంటించి, పిదప అటొకసారి ఇటొకసారి అతుకవలయునని దానివలన నేర్చితిని. పాత పంపు చక్రమును మూపురముగా పెట్టబోగా అది టక్కున బీటవారినది. పోత ఇనుమునందు బొగ్గుపాలు ఎక్కువ, సామాన్యపు కడ్డీకి లొంగదు. దాని బదులు గొలుసును చుట్టచుట్టి మూపురము చేసితిని. కొడవళ్లు గంగడోలయినవి. నాగలి కర్రు మొగమయినది. కాలికి రెండు చొప్పున ఎనిమిది నాడాలు కావలయును. సంచిలో ఏడే యుండెను. ఎనిమిదవదానిని శిష్యుడు పట్టీముక్కను కోసి తానే చేసి యిచ్చెను.

ఆనాడు అతనితో, “నాయనా, బడిలో నేనన్న మాట తప్పు,” అంటిని.

అతడు కొంతసేపు మాటాడలేదు. “మర్చిపోలేదండి మాష్టారూ,” అనెను. తరువాత, “కొమ్ము వంకరగా ఉంది. గట్టిగా పట్టుకోండి, చుక్క వేస్తాను,” అనెను. నేను పట్టుకొంటిని.

బార్సిలోనాలో 1876లో జన్మించిన హూలియో గొంజాలెజ్ అను శిల్పి 1918లో పారిస్ సమీపమున నొక మోటారు కర్మాగారమున వెల్డింగు నేర్చెను. ఏబది యేండ్లు దాటిన పిదపనే ఇనుప శిల్పమునందు ప్రసిద్ధి గాంచెను. పికాసో అంతటివాడు ఆ పనికై ఆయన సాయము కోరెను. చేతిపని నేర్చుటకు వయసు అడ్డము కాదనుటకు ఆయన జీవితమే నిదర్శనము.

నా యెద్దు ఇప్పుడు కొట్టమున పాత గుంజప్రక్క నున్నది. నిజమైన శిల్పులు చూచిన నవ్వవచ్చును. పిల్లలు మాత్రము దాని మెడ నిమిరి పోవుచున్నారు.

పెద్దలకు నా మనవి రెండే. మీ యటుకలమీది పాత పనిముట్లను తూకమునకు వేయుటకు ముందు ఒకసారి చేతబట్టి చూడుడు. అట్లే, మీరెన్నడో “నీకు రాదు” అని పంపివేసిన పిల్లవాడు మీ యూర నున్నచో, వానికి వచ్చినదేమో పోయి అడుగుడు. అడుగుటకు ఇంకను సమయమున్నది.

సెలవు.