రెండింజన్ల డీజిల్ బోటుకి ఏ సైజు ఫ్యాను వెయ్యాలి? నేను చేసిన 2 అంగుళాల తప్పు

ఈరోజు ఫోన్ల గురించి కాదు, యాప్‌ల గురించి కాదు. బోటు ప్రొపెల్లర్ గురించి. మా కాకినాడలో ఫ్యాను అంటారు, నేనూ అలాగే అంటాను.

"మాకెందుకు బ్రో ఇది" అని స్క్రోల్ చేసెయ్యకండి. బీటెక్ చదివి, కోడింగ్ ఉద్యోగం చేసిన నేను ఒక ఎక్సెల్ షీటుతో మా మావయ్య ఇంజన్ ఎలా పాడు చేశానో చెప్తాను. లెక్క తప్పు కాదు. అదే అసలు భయం.

కాకినాడ యాంకరేజ్ పోర్టులో పెద్ద ఓడలు ఒడ్డు దాకా రావు. సముద్రంలోనే లంగరేసి నిలబడతాయి. సరుకు బార్జిల మీద వెళ్తుంది. ఆ ఓడల దగ్గరికి పనివాళ్లని, మంచినీళ్లని, సామాన్లని చేరవేసే చిన్న బోట్లు ఉంటాయి. మా మావయ్యది అలాంటిదే ఒకటి. రెండు డీజిల్ ఇంజన్లు, రెండు ఫ్యాన్లు. పాత ఇంజన్లు అరిగిపోతే అప్పు చేసి కొత్తవి దింపాడు. గేర్‌బాక్సులు కూడా మారాయి కాబట్టి పాత ఫ్యాన్లు పనికిరావు. "అల్లుడూ, నువ్వు ఇంజనీరువి కదా, ఏ సైజో కాస్త లెక్క కట్టి చెప్పు" అన్నాడు. నాకు ఎక్కడలేని హుషారు వచ్చేసింది.

ముందు బేసిక్స్. ఫ్యాను మీద 22 బై 18 అని ఉంటే, మొదటిది వ్యాసం. అంటే రెక్కలు తిరిగే వలయం వెడల్పు 22 అంగుళాలు. రెండోది పిచ్. చెక్కలో స్క్రూ తిప్పితే ఒక్కో చుట్టుకి కొంచెం లోపలికి దిగుతుంది కదా, అలాగే ఫ్యాను ఒక్క చుట్టు తిరిగితే 18 అంగుళాలు ముందుకెళ్లాలి. కానీ నీళ్లు చెక్క కాదు, జారిపోతాయి. ఆ తేడానే స్లిప్ అంటారు.

లెక్క చాలా ఈజీ. షాఫ్ట్ ఆర్‌పీఎంని పిచ్ అంగుళాలతో గుణించి, 1215తో భాగిస్తే వేగం నాట్లలో వస్తుంది. అందులోంచి స్లిప్ తీసెయ్యాలి. మావయ్య ఇంజన్ ఫుల్ ఆర్‌పీఎం 2600. గేర్ 2:1, అంటే షాఫ్ట్ 1300 తిరుగుతుంది. మావయ్యకి 14 నాట్లు కావాలి. నేను స్లిప్ 25% అనుకున్నా. పిచ్ 17.5 దాకా వచ్చింది. రౌండ్ చేసి 18 అన్నాను. 22 బై 18, కంచు ఫ్యాన్లు రెండు వచ్చాయి.

ఖాళీ బోటుతో ట్రయల్ వేశాం. మీటర్లు 2520 దగ్గర ఆగాయి. "80 తేడా ఏముందిలే మావయ్యా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మా సరంగు గారు, అంటే బోటు నడిపే పెద్దాయన, అప్పుడే ఒక మాట అన్నారు: "బాబూ, కుడిది మూలుగుతోంది. లోడెక్కితే మొయ్యదు." కొత్త ఇంజన్ కదండీ, సెట్టవుతుంది అని నేనే సర్దిచెప్పాను. ముప్పై ఏళ్లుగా ఇంజన్ పక్కన కూర్చున్న మనిషి చెవి కంటే నా షీటు గొప్పదనుకున్నా.

రెండు నెలలకి కుడి ఇంజన్ పోయింది. అప్పటికి కొన్ని వారాలుగా నల్ల పొగ వస్తూనే ఉంది. విప్పితే ఎగ్జాస్ట్ వాల్వులు కాలిపోయి ఉన్నాయి. ఇంజన్ల అప్పు తీరకముందే రిపేరుకి మళ్లీ డబ్బు కావాల్సి వచ్చింది. మావయ్య చిట్టీ పాడుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అసలు ఏం జరిగింది? డీజిల్ ఇంజన్‌లో గవర్నర్ ఉంటుంది. మీరు ఫుల్ థ్రాటిల్ ఇస్తే 2600 చేరాలని చూస్తుంది. ఫ్యాను బరువై చేరలేకపోతే, ఇంకా ఇంకా డీజిల్ పోస్తుంది. కానీ చుట్లు తగ్గాయి కాబట్టి గాలి సరిపోదు. కాలని డీజిల్ నల్ల పొగగా వస్తుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, వాల్వులు కాలతాయి. మన భాషలో చెప్పాలంటే సర్వర్ ఎప్పుడూ 100% మీదే నడుస్తోంది. ఒకరోజు పడిపోక తప్పదు.

తర్వాత ఒక పాత మెకానిక్ గారు వచ్చారు. షీటు అడగలేదు. ముందు బోటు నింపమన్నారు. డీజిల్ ట్యాంకులు ఫుల్, నీళ్లు ఫుల్, మనుషులు, సామాను, అన్నీ. తర్వాత ఇంజన్ పుల్లీలకి మెరిసే స్టిక్కరు అంటించి, చేతిలో పట్టుకునే ఫోటో టాకోమీటరుతో కొలిచారు. రెండు ఇంజన్లూ 2300 దగ్గరే ఆగిపోయాయి. ప్యానెల్‌లో కుడి మీటరు మాత్రం 2500 చూపిస్తోంది! మీటరు కూడా అబద్ధం చెప్పింది. సరంగు గారి చెవి మాత్రం చెప్పలేదు. అసలు స్పీడు చూస్తే పదిన్నర నాట్లు. అంటే స్లిప్ నేను అనుకున్న 25% కాదు, 38%.

ఆయన చెప్పిన రూలు ఇదీ. రోజూ మోసే లోడుతో, ఫుల్ థ్రాటిల్‌లో, రెండు ఇంజన్లూ కంపెనీ చెప్పిన ఆర్‌పీఎం చేరాలి. కొంచెం ఎక్కువ చేరినా మంచిదే. ఎందుకంటే అడుగున పాచి, గుల్లలు పట్టాక బోటు ఎలాగూ బరువెక్కుతుంది. చేరకపోతే ఫ్యాను ఎక్కువైనట్టు. బాగా దాటిపోతే తక్కువైనట్టు.

ఎంత తగ్గించాలి? మోటు లెక్క ఏంటంటే, పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఇలాంటి ఇంజన్‌లో సుమారు 100 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. వ్యాసం ఒక అంగుళం తగ్గిస్తే, పిచ్ రెండు మూడు అంగుళాలు తగ్గించినంత తేడా వస్తుంది. మాకు 300 కావాలి. కొత్త ఫ్యాన్లు కొనలేదు. వర్క్‌షాపులో అదే కంచు ఫ్యాన్ల పిచ్‌ని 18 నుంచి 16కి వంచి సరిచేశారు. మళ్లీ ఫుల్ లోడుతో దిగాం. 2600. పొగ లేదు. స్పీడు 11 నాట్లు. పిచ్ తగ్గిస్తే స్పీడు పెరిగింది చూడండి! ఇంజన్‌కి ఊపిరి ఆడితే అంతే మరి. నేను షీటులో రాసిన 14 నాట్లు ఆ బోటు జన్మలో చెయ్యలేదు.

ఇక రెండు ఇంజన్లు ఉన్నవాళ్లకి స్పెషల్‌గా నాలుగు మాటలు.

ఒకటి. ఫ్యాన్లు జతగా కొనాలి. ఒకటి కుడి చుట్టుది, ఒకటి ఎడమ చుట్టుది. వెనక నుంచి చూస్తే మామూలుగా కుడి వైపుది గడియారం ముల్లులా, ఎడమ వైపుది దానికి ఎదురుగా తిరుగుతుంది. అప్పుడే బోటు ఒక పక్కకి లాగదు.

రెండు. రెండు ఇంజన్లనీ విడివిడిగా కొలవండి. ఒకటి 2600, ఇంకోటి 2400 ఉంటే సగటు 2500 అనుకోకండి. ఒక ఫ్యాను వంగి ఉండొచ్చు, ఒక ఇంజన్‌లో ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు. ముందు అది తేల్చాకే ఫ్యాను ముట్టుకోండి.

మూడు. రెక్క కొసకీ బోటు అడుగుకీ మధ్య వ్యాసంలో 15% దాకా ఖాళీ ఉండాలి. 22 అంగుళాల ఫ్యానుకి మూడు అంగుళాలకి పైనే. ఇది లేకపోతే బోటంతా వణుకుతుంది. అందుకే పెద్ద ఫ్యాను అనగానే ఎగిరి గంతెయ్యకండి.

నాలుగు. మధ్యలో ఒక ఇంజన్ ఆగిపోతే రెండోదానికి ఫుల్ ఇవ్వకండి. మొత్తం బోటుని అదొక్కటే లాగుతోంది, ఆగిన ఫ్యాను కూడా వెనక్కి పడుతోంది. థ్రాటిల్ తగ్గించి, నెమ్మదిగా ఒడ్డుకి రండి. ఆగిన వైపు షాఫ్ట్‌ని తిరగనివ్వచ్చా, కట్టెయ్యాలా అన్నది గేర్‌బాక్స్ మాన్యువల్‌లో ఉంటుంది. సముద్రంలోకి వెళ్లకముందే చదువుకోండి.

షీటు వద్దని నేను అనట్లేదు. మొదటి ఫ్యాను సైజు ఎంచుకోడానికి లెక్క కావాల్సిందే. కానీ స్లిప్ నేను ఊహించాను, లోడు మర్చిపోయాను, మీటరుని నమ్మేశాను. డబ్బు మాత్రం మావయ్యది.

మొన్న కాకినాడ వెళ్తే మావయ్య బోటు ఎక్కించాడు. ఫుల్ లోడు. ప్యానెల్‌లో కొత్త మీటరు. నేను దాన్ని చూడలేదు. సరంగు గారి మొహం చూశాను. ఆయన ఒక్క నిమిషం విని, తలూపి, బీడీ వెలిగించారు.

మీ ఊళ్లో ఎవరికైనా బోటు ఉండి, నల్ల పొగ వస్తుంటే ఈ వీడియో వాళ్లకి పంపండి. మీ ఇంజన్ ఆర్‌పీఎం, గేరు, ఫ్యాను సైజు, ఫుల్ లోడులో ఎంత చేరుతోందో కామెంట్లో రాయండి, కలిసి లెక్క వేద్దాం. ఈసారి లోడు కూడా అడుగుతాను. ఉంటాను మరి, బై.